పూతలో పడిన మచ్చలు

హోసూరు వెళ్ళొచ్చానంటే మా నెల్లూరులో అందరూ ఒకటే అడిగారు, "అక్కడేముంది చూడటానికి?" అని. నిజానికి నేను చూడాలనుకున్నది అక్కడ లేదు. ఎక్స్‌రే ఫిల్ము, ఫొటో కాగితం తయారు చేసిన ఒక ఫ్యాక్టరీ అది. మూతపడి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా వెళ్ళాను, వెళ్ళినందుకు సంతోషపడ్డాను.

నేను ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. నా సర్వీసులో సగం చీకటి గదిలో, ఎర్ర దీపం కింద గడిచింది. పెట్టె మూత తీయడం, ఫిల్మును క్యాసెట్‌లో పెట్టడం, ఎక్స్‌రే తీశాక మందునీళ్ళలో ముంచి కడిగి క్లిప్పుకు ఆరబెట్టడం. ఆ పెట్టె నా చేతికి రాకముందు దాన్ని ఎవరు చూశారో, బాగుందని ఎవరు ఒప్పుకున్నారో ఏ రోజూ ఆలోచించలేదు. ఈమధ్య పాత స్నేహితురాళ్ళను చూద్దామని ఆసుపత్రికి వెళ్తే, మా డార్క్‌రూములో విరిగిన మంచాలు పేర్చి ఉన్నాయి. ఎక్స్‌రేలన్నీ ఇప్పుడు కంప్యూటర్ తెర మీదే. అప్పుడు పుట్టింది ఆ ప్రశ్న. మాకు ఫిల్ము పెట్టెలు సరఫరా చేసిన పాత ఏజెంటును అడిగితే ఊరి పేరు, టెస్టింగు గదిలో పనిచేసిన ఒకావిడ పేరు చెప్పాడు. మా చెల్లెలి కూతురు హారిక ఉండేదీ ఆ ఊళ్ళోనే. బయలుదేరడానికి ఇంకేం కావాలి?

హోసూరు

దిగిన రోజు పొద్దున్నే శాలువా కప్పుకోవాల్సి వచ్చింది. మే నెలలో! మా ఊళ్ళో ఆ వేళకే ఫ్యాను కింద నుంచి కదలబుద్ధి కాదు. వీధి చివర పూల అంగట్లో గులాబీలు మోపులు మోపులుగా పడి ఉన్నాయి. మా దగ్గర ముహూర్తాల రోజుల్లో మూరెడు దండకు అడిగే ధరకు ఇక్కడ ఒడి నిండా పూలు పోశారు. ఇంట్లో పెట్టుకోవడానికి చోటు లేక హారిక బకెట్లో వేసింది.

బోర్డులన్నీ తమిళం. నోళ్ళు మాత్రం తెలుగు. ఆటో అతను తమిళంలో పలకరించి, నా జవాబు విని నవ్వాడు.

"ఆంధ్రా నుంచి వచ్చినారామ్మా? మాదీ తెలుగే. ఇంట్లో తెలుగు, ఇస్కూల్లో తమిళం, సంతలో కన్నడం. యాడికి పోవల్ల?"

మూతపడిన ఫిల్ము ఫ్యాక్టరీకి అన్నాను. సినిమా ఫిల్మా అని అడిగాడు. కాదు, ఎక్స్‌రే ఫిల్ము అంటే అతనికి గుర్తొచ్చింది.

"ఓ, కిటికీలు లేని బిల్డింగా! మా నాయన చెప్తా ఉండె. ఆడ పని చేసేటోళ్ళు పట్టపగలు గుడ్డోళ్ళ మాదిరి తడువుకుంటా నడుస్తారని."

గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఎగాదిగా చూసి, "స్థలం అమ్మకానికి లేదమ్మా" అన్నాడు. నా చేతి సంచీ, కళ్ళజోడు చూసి బేరానికి వచ్చాననుకున్నాడు. ఎక్స్‌రేల సంగతి చెప్పాక నమ్మాడో లేదో గానీ, గేటు తీసి బిల్డింగు దాకా రానిచ్చాడు. ఇప్పుడది పార్సిళ్ళ గోదాము. వెలుతురు చొరబడకుండా కట్టిన ఆ పొడవాటి గోడకు వరసగా కిటికీలు కొట్టారు. కొట్టిన చోట కొత్త సిమెంటు వేరే రంగులో కనిపిస్తోంది. లోపల నేల మీద ఎండ పలకలు పలకలుగా పడి ఉంది. ఒకప్పుడు అగ్గిపుల్ల గీస్తే రోజు సరుకంతా పాడైపోయే చోటు అది. అక్కడ ఇద్దరమ్మాయిలు ఎండలో నిలబడి పార్సిళ్ళ మీద స్టిక్కర్లు అంటిస్తున్నారు. చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

కెలమంగలం

ఏజెంటు చెప్పిన నాగరత్నమ్మ ఇప్పుడు కెలమంగలంలో ఉంటుంది. బస్సు దిగి పేరు చెబితే, "పట్టుపురుగుల నాగరత్నమ్మా?" అని చూపించారు. ఇల్లంతా వెదురు తట్టలు. పురుగులు మల్బరీ ఆకు తింటున్న చప్పుడు గది బయటికి వినిపిస్తోంది. నాగరత్నమ్మకు నా వయసే ఉంటుంది. సన్నటి మనిషి, జుట్టు బిగించి ముడి వేసుకుంది. నేను ఎవరో, ఎందుకొచ్చానో చెబితే చేతిలో ఆకుల గంప కింద పెట్టేసింది.

"మా ఫిల్ములు వాడినారా మీరు? చేత్తో పట్టుకోని?"

"పదిహేనేళ్ళు."

"అయితే కూచోండమ్మా. అన్నం తినకుండా పోయేది లేదు."

రాగిముద్ద, ఉలవచారు పెట్టింది. నేను ముద్దను అన్నంలా నమలబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నమలొద్దమ్మా, మింగల్ల. నమిలితే పండ్లకి పట్టుకుంటాది." చేపల పులుసు తిని పెరిగిన గొంతు, ముద్ద సగంలో ఆగి ఊపిరాడలేదు. ఆమె నీళ్ళిచ్చి, వీపు తట్టి, అప్పటి నుంచి నన్ను 'నువ్వు' అనడం మొదలుపెట్టింది.

ఆమె బీయస్సీ చదివి టెస్టింగు గదిలో చేరింది. వాళ్ళ పని ఏమిటో ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తాను. ప్రతి ఫిల్ము రోలుకూ తల దగ్గర ఒక ముక్క, తోక దగ్గర ఒక ముక్క కోస్తారు. తెలుపు నుంచి నలుపు దాకా మెట్లు మెట్లుగా ముదిరే ఒక పట్టీని దాని మీద పెట్టి, కొలిచిన వెలుతురు వేస్తారు. ఎప్పుడూ ఒకే మందులో, ఒకే వేడిలో కడుగుతారు. ఏ మెట్టు ఎంత నల్లబడిందో మీటరుతో చూసి గ్రాఫు గీస్తారు. గీత కింద మెల్లగా లేచి, నిటారుగా ఎక్కి, పైన మళ్ళీ వాలిపోవాలి. అంతకు ముందే మంచిదని తేలి చల్లని గదిలో దాచిన ఫిల్ము గీత పక్కన పెట్టి పోల్చుకుంటారు. ఫొటో కాగితానికీ ఇదే పద్ధతి. కాకపోతే దానికి తెలుపు ఎంత తెల్లగా ఉందన్నది కూడా ముఖ్యం. తడిస్తే అంచులు ఎంత ముడుచుకుంటాయో చూడాలి.

"ముందుకాలంలో ఈ మీటర్లు లేవంట. కంటితోనే చూసేవాళ్ళంట" అంది. "మా పెద్ద కెమిస్టు సారు కతలు చెప్తా ఉండె. ఫిల్ముకి పూసే మందు కలిపేది జిలాటిన్‌లో గదా. జిలాటిన్ అంటే పశువుల ఎముకలు, తోళ్ళు. ఒక దేశంలో ఒకతూరి ఫిల్ములన్నీ మందకొడిగా వచ్చినాయంట, వెలుతురు పట్టుకోలేదంట. మందు అదే, మిషిను అదే. యాడ తప్పు, యాడ తప్పు అని యెతికితే, ఆ యేడు పశువులు ఆవాల చెట్లు మెయ్యలేదంట! ఆవాల్లో ఉండే గంధకమే ఫిల్ముకి చురుకు ఇచ్చేదంట. అప్పుటి నుంచి జిలాటిన్ వస్తే ముందర టెస్టు, ఆమీదే లోపలికి."

ఇంకోటి కూడా చెప్పింది. పరాయి దేశంలో ఎడారిలో అణుబాంబు పేల్చి చూసినప్పుడు, ఆ బూడిద గాలిలో ఎంతో దూరం పోయి ఒక నదిలో పడిందట. ఆ నీళ్ళతో చేసిన అట్టల్లో ఎక్స్‌రే ఫిల్ములు సర్దితే వాటి మీద చుక్కలు పడ్డాయట. ఫిల్మును పరీక్షించేవాళ్ళకు, అధికారులు లోకానికి చెప్పకముందే అనుమానం వచ్చిందట.

చుక్కల మాట రాగానే ఆమె ఒక తట్టను దగ్గరికి లాక్కుంది. తర్వాత తనంతట తనే చెప్పింది.

"మా దగ్గర వేడిపెట్టె అని ఉండె. వేడి, తేమ పెట్టి అందులో ఫిల్ము ముక్కని ఉంచితే కొన్ని దినాల్లోనే అది ముసల్దైతాది. అంగట్లో ఏడాది పడుంటే ఎట్లుంటాదో ముందరే తెలుస్తాది. ఒకతూరి ఒక పెద్ద బ్యాచి. తాజా ముక్క బాగుండె, గీత బాగుండె. సరుకు పెట్టెల్లో సర్దేసినారు, లారీ గేటు కాడ నిలబడుండాది. వేడిపెట్టెలో ముక్క తీసి కడిగితే సన్న సన్న మచ్చలు, గసగసాల మాదిరి."

"సరుకు పంపించెయ్యమన్నారా?"

"నోరిప్పి ఎవురూ అనలేదు. 'ఇంకోతూరి చూడమ్మా' అన్నాడు మేనేజరు. ఇంకోటి కడిగినాను. ఇంకోటి. అన్నిట్లోనూ ఉండె. ఆపేసినాను. లారీ ఖాళీగా పోయె. మీటింగులో, తప్పు యాడ వచ్చింది అని అడిగినారు. పూతలో అని చెప్పినాను." తట్టలో ఒక పురుగును వేలితో జరిపింది. "ఆ పూత మిషిను మీద ఉండింది మా అక్క మొగుడు."

ఆయన్ను మిషిను మీది నుంచి తీసి ప్యాకింగు షెడ్డులో వేశారు. ఆయన అది పడలేక రాజీనామా ఇచ్చి, పెళ్ళాన్ని తీసుకుని కృష్ణగిరి వెళ్ళిపోయాడు. నాగరత్నమ్మ భర్త చనిపోయినప్పుడు అక్క ఒక్కతే వచ్చి, సందేళకే తిరిగి పోయింది. ఆయన రాలేదు.

"తప్పు చేసినానా అని ఇప్పుటికీ యోచన చేస్తా ఉంటాను. ఆ ఫిల్ము పోయుంటే ఏమయ్యేదో నాకేం తెలుసు? మేము మనుషుల ఫిల్ములు చూసిందే లేదు. మెట్ల పట్టీలే చూసినాము."

అప్పుడు నేను చూసిన ఒక సంగతి చెప్పాను. అది వేరే కంపెనీ ఫిల్ము. దగ్గుతో వచ్చిన ఒక లారీ క్లీనరుకు ఛాతీ ఎక్స్‌రే తీశాను. ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ. డాక్టరుగారు క్షయ అన్నారు. అతని భార్య చంటిబిడ్డను చుట్టి పట్టుకుని వరండా ఆ చివరికి వెళ్ళి కూర్చుంది. అతను ఈ చివర. నాకెందుకో ఆ మచ్చ అంచు నచ్చలేదు. ఫిల్మును ఏటవాలుగా కిటికీకి పట్టి చూస్తే, మచ్చ ఉన్నచోట పైపూతలోనే చిన్న గుంట కనిపించింది. డాక్టరుగారికి చూపించి, ఇంకో పెట్టెలోని ఫిల్ముతో మళ్ళీ తీశాను. ఏమీ లేదు, మామూలు దగ్గు. ఆ మాట చెప్పగానే భార్య పరుగెత్తుకుంటూ వచ్చి మొగుడి వీపు మీద ఫెడీమని చరిచింది. తర్వాత ఏడ్చింది.

నాగరత్నమ్మ లేచి తట్టలకు ఆకు వేయడం మొదలుపెట్టింది. నా వైపు వీపు తిప్పి, వేసిన తట్టకే మళ్ళీ వేసింది.

"ఆ మాట ఇంకోతూరి చెప్పు తల్లీ" అంది.

చెప్పాను.

నేను లేవబోతుంటే, "పూత ఎట్ల వేస్తారో నాకు తెలీదు. అది ఆయన్నే అడగల్ల. కృష్ణగిరిలో డ్యాం దారిలో మునియప్ప అంటే చెప్తారు" అంది. తన పేరు చెప్పమనలేదు, చెప్పొద్దనీ అనలేదు. అక్కకు ఇమ్మని సేరు ఉలవలు మూటగట్టి ఇచ్చింది.

రాయకోట

మర్నాడు రాయకోటలో బస్సు మారాలి. సమయం ఉంది కదా అని కొండకోట మెట్లు ఎక్కబోయాను. పావు వంతు ఎక్కానో లేదో చెప్పు తెగింది. ఒంటి చెప్పుతో దిగుతుంటే టమేటా బుట్టలతో వెళ్తున్న ఒకావిడ ఆగి చూసి, "కొండ నిన్ను వద్దంటా ఉండాదమ్మా, బిరిన దిగు" అంది. సంత దగ్గర చెప్పులు కుట్టే ఆయన కుట్టి, మూడు వైపులా లాగి చూసి ఇచ్చాడు. పక్కనే టమేటా వ్యాపారులు పెట్టెలో పై కాయలు వదిలేసి అడుగున చెయ్యి పెట్టి కాయ తీసి నొక్కుతున్నారు. మా ఊళ్ళో కూరగాయల బేరం నోటితో జరుగుతుంది. ఇక్కడ నోరు తక్కువ, వేళ్ళు ఎక్కువ.

బస్సులో కూర్చున్నాక ఆలోచన పట్టుకుంది. నేను వచ్చింది ఫిల్ము గురించి తెలుసుకోవడానికి. ఒక కుటుంబం గొడవలోకి ఉలవల మూట పట్టుకుని వెళ్తున్నాను. నాకెందుకు? వెనక్కి తిరిగితే ఎవరూ ఏమీ అనుకోరు. కానీ నాగరత్నమ్మ "ఇంకోతూరి చెప్పు" అన్నప్పటి గొంతు చెవిలోనే ఉంది.

కృష్ణగిరి

కృష్ణగిరి అంతా మామిడి వాసన. రోడ్డు పక్కన కాయలు కుప్పలు పోసి ఉన్నాయి. మా నెల్లూరు జిల్లా బంగినపల్లికి సాటి ఉండదని నా నమ్మకం. ఇక్కడ ఒకామె కోసి పెట్టిన తోతాపురి ముక్క ఉప్పుకారంతో తిన్నాక ఆ నమ్మకాన్ని కాస్త సడలించాను.

మునియప్పగారు డెబ్బై దాటిన మనిషి, ఇంకా నిటారుగా నడుస్తారు. ఎక్స్‌రే టెక్నీషియన్‌నని, ఫిల్ముకు పూత ఎలా వేస్తారో తెలుసుకోవాలని ఉందని చెబితే మొహం వెలిగిపోయింది. నేను ఇంకేమీ అడగకముందే మొదలుపెట్టారు.

"చీకటి, అమ్మా. మిషిను చప్పుడే మాకు దీపం. రోలు తిరుగుతా వస్తాది, మందు పల్చగా దాని మీద పారతాది, ఆమీద చల్లగాలి తగిలి మీగడ మాదిరి గట్టిపడతాది. చప్పుడు రవ్వంత మారితే పూత మందమైందని తెలుస్తాది. చీకట్లో ఒకరికొకరు గుద్దుకోకుండా పాడతా నడుస్తా ఉంటిమి. నా పాట వింటే అందరూ శానా దూరం తప్పుకుంటా ఉంటిరి."

గట్టిగా నవ్వారు. ఆయన భార్య జయమ్మ మజ్జిగ తెచ్చింది. అప్పుడు ఉలవల మూట ఆమె చేతికిచ్చి, కెలమంగలం నుంచి వస్తున్నానన్నాను.

నవ్వు ఆగిపోయింది. జయమ్మ మూట విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుంది.

"ఏమి చెప్పింది నీకు?" అన్నారు ఆయన.

విన్నదంతా చెప్పాను. లారీ క్లీనరు సంగతీ చెప్పాను. ఆయన నేల చూస్తూ విన్నారు.

"మచ్చలు లేవని నేను ఎప్పుడన్నా అన్నానా? ఉండె. ఆమె ఆపింది సరే. కానీ 'పూతలో' అనింది. పూతలో అంటే ఎవురు? నేనే గదా! మందు వచ్చే పైపు లోపల తుప్పు పట్టింది, మార్చండప్పా అని నేను ఎన్ని దినాలుగా మొత్తుకుంటా ఉంటినో. మా ఇంట్లో అన్నం తింటా ఆమె ముందరే చెప్పినాను. అది తెలిసీ మీటింగులో ఒక్క మాట, 'పూతలో' అని చెప్పి కూచుండె. పైపు అని ఆ నోట్లో నుంచి వచ్చుంటే నేను ప్యాకింగు షెడ్డుకి పోయుంటానా?"

పరీక్ష చేసేవాళ్ళు తప్పు ఏ గదిలో పుట్టిందో చెప్పగలరు. ఆ గదిలో నిలబడి ఉన్న మనిషికి అది తన పేరులాగే వినిపిస్తుంది. నాగరత్నమ్మ అబద్ధం చెప్పలేదు. ఈయన బాధలోనూ అబద్ధం లేదు.

"ఈడ మామిడి పల్పు ఫ్యాక్టరీలో చేరినాక," ఆయన గొంతు తగ్గింది, "లాబులో ఒక ఆడపిల్ల నా షిఫ్టు డ్రమ్ములు ఆపేసింది. పులుపు తేడాగా ఉండాదని. ఆ పొద్దు కోపంతో ఇంటికొచ్చి అన్నం ముందర కూచున్నాక నవ్వొచ్చె. మళ్ళా ఇంకో ఆడపిల్ల, మళ్ళా నేనే."

"ఆ పొద్దే పోయి చెప్పుంటే అయిపోయేది" అంది జయమ్మ. "ఇన్నేండ్లుగా నువ్వు చెప్పేదీ సరిగ్గానే ఉండాది, అది చెప్పేదీ సరిగ్గానే ఉండాది. ఇద్దరూ సరిగ్గానే ఉండి నాకు చెల్లెలు లేకుండా చేసినారు. దాని మొగుడు పోయిన పొద్దు దాని పక్కన పండుకోకుండా వచ్చేసినాను, నీకు కోపమొస్తాదని. ఇంక నా వల్ల కాదు. రేపు ఈయమ్మతో నేను పోతాను. వస్తే రా. లేకుంటే అన్నం వండుకోని తిను."

ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు.

ఆ పూట వాళ్ళింట్లోనే ఉన్నాను. పొద్దున మేమిద్దరం బయలుదేరేసరికి ఆయన ఇంట్లో లేరు. జయమ్మ తాళం వేసి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చింది. బస్టాండుకు వెళ్తే ఆయన రాయకోట బస్సు దగ్గర మామిడికాయల గంప పక్కన నిలబడి ఉన్నారు.

"గంప బరువుగా ఉండాది. మీరు మోయలేరు" అన్నారు, నన్ను చూస్తూ.

మళ్ళీ కెలమంగలం

కెలమంగలంలో దిగాక ఆయన గంప మోస్తూ వెనకబడ్డారు. జయమ్మ ముందు నడిచింది. అంత వేగంగా నడవగలదని నేను అనుకోలేదు. నాగరత్నమ్మ వాకిట్లో తట్టలు కడుగుతోంది. తలెత్తి చూసి, తడి చేతులతోనే లేచింది. అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. జయమ్మ చీర వీపంతా తడిసిపోయింది.

మునియప్పగారు గంప అరుగు మీద దించి, పక్కనే కూర్చున్నారు. నాగరత్నమ్మ కాసేపటికి వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"ఒకటి అడుగుతాను. మచ్చలు ఉండెనా, లేదా?"

"ఉండె" అన్నారు ఆయన. "నేనూ ఒకటి అడుగుతాను. అది నా చేతి తప్పా?"

చెప్పడానికి ముందు ఆమె నిజంగా ఆలోచించింది. ఆ క్షణంలో ఆ టెస్టింగు గదిలో ఆమె ఎలా ఉండేదో నాకు కనిపించింది.

"కాదు. పైపుది. నాకు తెలుసు. యాడ అని అడిగినారు, దానికే జవాబు చెప్పినాను. ఎందుకు అని అడుగుతారని చూస్తా ఉంటిని. ఎవురూ అడగలేదు. అడక్కుండానే చెప్పుండల్ల."

"చెప్పుండల్ల" అన్నారు ఆయన.

"చెప్పుండల్ల" అంది ఆమె మళ్ళీ.

అంతే. క్షమించమని ఎవరూ అనలేదు, కాళ్ళ మీద పడలేదు. ఆయన గంపలోంచి ఒక కాయ తీసి, మెత్తగా ఉందో లేదో చూసి పక్కన పెట్టారు. ఇంకోటి తీశారు. పండిన వాటిని ఏరి ఆమె వైపు వరసగా పెట్టడం మొదలుపెట్టారు. ఆమె వాటిని ఒక్కోటి తీసుకుని ఒళ్ళో వేసుకుంది.

లోపలి నుంచి జయమ్మ కేకేసింది. "అయిందా మీ టెస్టింగు? ఉలవలు ఉడకేసినాను, లోపలికి రాండి."

నా హోసూరు బస్సుకు వేళవుతోందని చెప్పినా వినలేదు, నన్నూ కూర్చోమన్నారు. నాగరత్నమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, అరుగు అంచున నిలబడి వంచింది.

"చెయ్యి కడుక్కో, బావా" అంది.

ఆయన రెండు చేతులూ చాపారు.